గళ్ళు కష్టంగానే ఉండనివ్వండి

మా బడి వరండాలో నీళ్ళ తొట్టి పక్కనున్న నల్లబల్ల మీద పోయిన జూన్ నుంచి రోజూ ఒక గళ్ళ నుడికట్టు ఉంటోంది. అడ్డం ఏడు గళ్ళు, నిలువు ఏడు గళ్ళు. పొద్దున ప్రార్థనకు ముందే తెలుగు సార్ సుద్దముక్కతో గీసి, ఆధారాలు పక్కన రాసి పెడతారు. మరునాడు మొదటి పీరియడ్‌లో పది నిమిషాలు దాని గురించి మాట్లాడుకుంటాం. ఇప్పుడు దాన్ని తీసేయమని కొందరు పెద్దలు అడుగుతున్నారు. తీసేయకపోతే కనీసం సులువు చేయమంటున్నారు ఇంకొందరు. తీసేయమనే వాళ్ళ మాటకంటే సులువు చేయమనే వాళ్ళ మాటకే నాకు భయం ఎక్కువ. తీసేస్తే తీసేసినట్టు అందరికీ తెలుస్తుంది. సులువు చేస్తే మాత్రం గళ్ళు అక్కడే ఉంటాయి, లోపల ఏమీ ఉండదు.

సులువైన గళ్ళు ఎలా ఉంటాయో అందరం చూశాం. 'పుష్పం (2)' అని ఉంటుంది, పువ్వు అని రాస్తాం. 'సముద్రం (3)' అని ఉంటుంది, సాగరం అని రాస్తాం. అది ప్రశ్నా? పర్యాయపదాల ఎక్కం. తెలిసినవాడు అర నిమిషంలో రాసేస్తాడు, తెలియనివాడు ఎంతసేపు కూర్చున్నా రాయలేడు. ఆలోచించి పట్టుకునే వీలు ఇద్దరికీ లేదు. మరునాడు జవాబులు తలకిందులుగా అచ్చు వేస్తారు. ఎందుకు ఆ జవాబో ఎవరూ చెప్పరు, చెప్పడానికి ఏమీ ఉండదు కాబట్టి.

మా సార్ ఇచ్చే ఆధారం అలా ఉండదు. అందులో రెండు ముక్కలుంటాయి. ఒకటి జవాబుకు అర్థం. రెండోది ఆ మాటతో ఆడిన ఆట. రెండూ కలిపి మామూలు వాక్యంలాగే కనబడతాయి, ఎక్కడ విడగొట్టాలో మనమే కనుక్కోవాలి. 'కలా, కలమూ కలిస్తే అలజడే (4)' అని ఒకరోజు వచ్చింది. కల, కలం పక్కపక్కన పెట్టి చూడండి. కలకలం! అలజడి దాని అర్థం. చెప్పాక ఇంతేనా అనిపిస్తుంది. చెప్పకముందు మధ్యాహ్నం దాకా అన్నం గిన్నె ముందు పెట్టుకుని దాని గురించే కొట్టుకున్నాం.

అసలు సంగతి గళ్ళు నింపడంలో లేదు, మరునాటి పది నిమిషాల్లో ఉంది. ఆ పది నిమిషాలూ చూడకుండానే చాలామంది దీని మీద తీర్పు చెబుతున్నారు. ఒక్క ఉదాహరణ చెప్తాను, కొంచెం పొడుగైనా ఓపిక పట్టండి.

'తలకిందులైతే తీగే (2)' అన్నది ఆధారం. రెండక్షరాల తీగలు ఎన్ని లేవు! బీర, సొర, దోస, మల్లె. ఒక్కొక్కరు ఒక్కోటి పట్టుకున్నారు. మా క్లాసు అబ్బాయి ఒకడు 'రబీ' అని రాశాడు. బీర తీగను తలకిందులు చేస్తే రబీ అవుతుంది కదా అని వాదన. క్లాసంతా చప్పట్లు కొట్టింది. నిజంగా మంచి ఊహ. సార్ తప్పు అనలేదు. "ఆట కుదిరింది. అర్థం ఎక్కడుంది?" అని మాత్రం అడిగారు. రబీ అంటే పంటకాలం. ఆధారంలో పంట మాటే లేదు. బీర అనే మాట కూడా లేదు, మనమే తెచ్చిపెట్టుకున్నాం. అప్పుడు మా వెనక బెంచీ అమ్మాయి అంది, "సార్, తలకిందులైతే అన్నారు గదా, 'తల' అక్కడే ఉండాది." తల అన్న మాటనే కిందుమీదు చేస్తే లత. లత అంటే తీగ. ఆట ఉంది, అర్థం ఉంది, పని లేకుండా కూర్చున్న మాట ఒక్కటీ లేదు. క్లాసులో రెండు క్షణాలు ఎవరూ మాట్లాడలేదు.

కథ అక్కడితో ఆగలేదు. మరునాటి గళ్ళలో 'బీర తిరగబడితే యాసంగి (2)' అని కనబడింది. ఆ అబ్బాయి మొహం చూడాలి! యాసంగి అంటే ఏమిటో మాలో ఎవరికీ తెలియదు. తెలంగాణలో రబీ పంటను అలా అంటారని సార్ చెప్పారు. ఒక తప్పు జవాబు వల్ల ముప్ఫై ఆరుగురికి కొత్త మాట వచ్చింది. 'పుష్పం (2)' దగ్గర ఇలాంటిది జరుగుతుందా? అక్కడ తప్పు జవాబు ఉత్త తప్పు జవాబే.

ఇంకో గొడవ కూడా చెప్పాలి. ఇది సార్ మీదే పెట్టిన గొడవ. 'పలక తిప్పి చూస్తే చెక్కే (3)' అని ఇచ్చారు. జవాబు కలప, అందరికీ వచ్చేసింది. కానీ చర్చలో ఒకమ్మాయి లేచి, చెక్క అంటే కలప ఎలా అవుతుందని అడిగింది. వాళ్ళ మామ వడ్రంగి పని చేస్తాడు. ఇంటికి వెళ్ళి ఆయన్ని అడిగి వచ్చింది కూడా. కలప అంటే పనికొచ్చే మాను సరుకంతా, చెక్క అంటే కోసిన ముక్క, రెండూ ఒకటి కాదు పాపా అన్నాడట. సార్ ఒప్పుకుని ఆధారం మార్చారు: 'పలక తిప్పితే వడ్రంగి సరుకు.' పుస్తకంలో అచ్చయినదాన్ని ప్రశ్నించడం మాకు ఏ సబ్జెక్టులోనూ అలవాటు లేదు. గైడులో ఉన్నది అక్షరం పొల్లు పోకుండా రాస్తేనే మార్కులు. ఈ ఒక్క నల్లబల్ల దగ్గర మాత్రం, ఆధారం సరిగ్గా ఉందా అని అడిగే హక్కు తొమ్మిదో తరగతి పిల్లకు కూడా ఉంది. వడ్రంగి మామకు కూడా ఉంది.

"పరీక్షలకు పనికొస్తుందా?" అని అడుగుతున్నారు. నేను పదో తరగతి. పరీక్షల బరువు నాకు ఒకరు చెప్పక్కర్లేదు. 2006లో వచ్చిన చట్టం తర్వాత మన రాష్ట్రంలో తమిళం తప్పనిసరి పాఠమైంది. తమిళం నేర్చుకోవడంతో నాకే తగువూ లేదు. హోసూరులో పుట్టి తమిళం రాదంటే సిగ్గుచేటు. అయితే దానివల్ల మా రాతలో జరుగుతున్నది ఒకటుంది, అది చూడండి. త, థ, ద, ధ నాలుగింటికీ తమిళంలో ఒకే అక్షరం. బస్సు మీదా, అంగడి బోర్డు మీదా, సినిమా పోస్టరు మీదా రోజంతా చదివేది అదే. దాంతో తెలుగు రాసేటప్పుడు ఒత్తులు జారిపోతున్నాయి. 'కథ'ను 'కద' అని రాసేవాళ్ళు మా క్లాసులో సగం మంది. నోట్సులో ఎర్ర గీత పడుతుంది, ఎవరు పట్టించుకుంటారు? గళ్ళలో అలా కుదరదు. నిలువు కథలోని థ, అడ్డం ప్రథమలోని నడిమి అక్షరం అయిందనుకోండి. 'కద' అని రాసినవాడికి అడ్డంలో 'ప్రదమ' వస్తుంది. చూడగానే కళ్ళకు గుచ్చుకుంటుంది. తప్పు దిద్దింది సార్ కాదు, పక్క మాట. (ళ విషయంలో మాత్రం మనకు దిగుల్లేదు. వేళకూ వేలకూ తేడా తమిళమే మనకు నేర్పి పెట్టింది.)

ఇంగ్లీషు క్రాస్‌వర్డులో ఒక గడిలో ఒక లెటర్. తెలుగులో ఒక గడిలో ఒక పూర్తి అక్షరం, గుణింతంతో, ఒత్తుతో సహా. అందుకే తెలుగు గళ్ళు కట్టడం ఇంకా కష్టం. నిలువులో లక్ష్మి వచ్చిందంటే ఆ 'క్ష్మి'ని దాటడానికి అడ్డంలో ఏ మాట వేస్తారు? మళ్ళీ ఏ రాజ్యలక్ష్మినో, విజయలక్ష్మినో పిలవాల్సిందే. నేను నోట్‌బుక్కు వెనక పేజీల్లో కట్టి చూశాను కాబట్టి చెబుతున్నాను. రాని గుణింతం ఏదో, తెలియని ఒత్తు ఏదో గళ్ళు కట్టేటప్పుడు తెలిసినంతగా ఇంకెప్పుడూ తెలియదు.

ఇది ఇంగ్లీషువాళ్ళ ఆట, మనకెందుకు అన్న మాట కూడా విన్నాను. గళ్ళు బయటనుంచే వచ్చాయి, కాదనను. 1913 డిసెంబర్ 21న న్యూయార్క్ వరల్డ్ అనే పత్రికలో ఆర్థర్ విన్ అన్నాయన వజ్రం ఆకారంలో మొదటిది వేశాడు. క్రికెట్టూ బయటనుంచే వచ్చింది, దాన్ని ఎవరూ ఆపమనలేదు! పైగా అక్షరానికి అడ్డం పెట్టి ఆడే ఆట మనకు కొత్తదా? అవధానంలో న్యస్తాక్షరి అని ఒక అంశం ఉంది. ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరం రావాలని పృచ్ఛకుడు ముందే చెబుతాడు. అవధాని ఆ అక్షరాన్ని అక్కడే కూర్చోబెట్టి, అర్థం చెడకుండా పద్యం చెప్పాలి. నిలువు మాట వచ్చి మన అడ్డం మాటలో మూడో గడి ఇదీ అని కట్టేయడం కూడా అలాంటిదే కదా. ఆరుద్ర గళ్ళ నుడికట్లు కట్టారు. శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు కట్టారు. ఇద్దరూ మద్రాసులో ఏళ్ళ తరబడి ఉండి రాసినవాళ్ళే, అంటే ఒకరకంగా మన ఊరివాళ్ళే. వాళ్ళకు చిన్నతనంగా కనబడనిది మనకెందుకు చిన్నతనం?

గళ్ళ వల్ల బుర్ర పదునవుతుంది, ఉద్యోగాలొస్తాయి అని మాత్రం నేను వాదించను. 1942లో లండన్‌లో డైలీ టెలిగ్రాఫ్ పత్రిక గళ్ళను పన్నెండు నిమిషాల లోపు నింపే పోటీ పెట్టారు, అందులో పాల్గొన్న కొందరిని తర్వాత యుద్ధంలో రహస్య సంకేతాలు విప్పే పనికి పిలిచారు. చెప్పుకోవడానికి బాగుంటుంది. కానీ మేమెవరం గూఢచారులం కాబోవడం లేదు. మాకు కావలసింది తెలుగు.

ఫోన్‌లో కొడితే వచ్చేదానికి ఇంత రచ్చ ఎందుకని మా ఇంట్లోనే అడిగారు. నాయన అడిగాడు, తమ్ముడు వంత పాడాడు. ఫోన్ లత అని చెప్పిందే అనుకుందాం. 'తల' అక్కడే ఉందని కనుక్కున్న అమ్మాయికి దక్కింది నాకు దక్కుతుందా? ఆ జవాబు నాకు వచ్చింది కాదు, నా దగ్గరికి వచ్చింది. నాయనకు ఇది చెప్తే నవ్వి, పేపరు తీసి చదువుకుంటూ కూర్చున్నాడు. ఒప్పుకున్నట్టా, ఒప్పుకోనట్టా అని అమ్మను అడిగితే, "నువ్వే కనుక్కో" అంది.

ఆరో తరగతి చిన్నపిల్లలు రాకపోతే బెంగపడుతున్నారని ఒక టీచర్ అన్నారు. ఇది నిజం, దీన్ని కొట్టిపారేయను. దానికి మందు గళ్ళను పలచన చేయడం కాదు. ఆరో తరగతి పిల్లను తొమ్మిదో తరగతి పిల్లతో జత కలపండి. అన్నీ నింపాలన్న నియమం తీసేయండి, నాలుగు మాటలు వచ్చినా వచ్చినట్టే. చెప్పాలంటే చిన్నవాళ్ళే కొన్నిసార్లు ముందు పట్టుకుంటారు. మేం కష్టమైన మాట కోసం వెతుకుతుంటే వాళ్ళు ఉన్న మాటను ఉన్నట్టు చదువుతారు.

నాకు గళ్ళతో ఒక తగువు లేకపోలేదు. పత్రికల గళ్ళలో పాలిచ్చే నల్ల పశువు అంటే ఎప్పుడూ గేదె, రెండు గళ్ళు. మా అవ్వకు అది ఎనుము, మూడు గళ్ళు. అచ్చు గళ్ళలో మా మొరసునాడు మాటలకు చోటు లేదు. డబ్బు పడుతుంది, దుడ్డు పట్టదు. అక్కడివాళ్ళు కట్టిన గళ్ళు కాబట్టి అక్కడి మాటలే వస్తాయి. మా నల్లబల్ల మీద ఎనుము వచ్చింది. వచ్చిన రోజు ఇంటికి వెళ్ళి అవ్వకు చెప్తే, "బళ్ళో ఎనుము గురించి చెప్తారా!" అని ఆశ్చర్యపోయింది. ఈ నల్లబల్లను కూడా తీసేస్తే ఆ మాటను ఏ పుస్తకంలో వెతకాలి? మన ఊళ్ళో తెలుగు పుస్తకాల అంగడి ఎక్కడుందో తెలిసినవాళ్ళు నాకు చెప్పండి.

మనకు మాత్రమే చేతనైనది కూడా ఒకటుంది. 'పొరుగు భాషలో వడ్లు పండే ఊరు (3)' అని ఒకసారి ఇచ్చారు. తమిళంలో నెల్లు అంటే వడ్లు. నెల్లూరు. మా క్లాసులో అర నిమిషం పట్టలేదు. సెలవులకు వచ్చిన విజయవాడ బంధువుల అబ్బాయి, నాకంటే తెలుగు బాగా వచ్చినవాడు, గంటసేపు కూర్చుని వదిలేశాడు. రెండు భాషలు రావడం మా తెలుగుకు లోటు అని పెద్దలు ఎప్పుడూ బాధపడుతుంటారు. ఆ రోజు అది లోటుగా కనబడలేదు.

కాబట్టి పెద్దలకు నా మనవి ఇది. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో ఈ విషయం మళ్ళీ వస్తుందని విన్నాను. ఓటు వేయకముందు ఒక్క పొద్దున మా మొదటి పీరియడ్‌కు రండి. వెనక బెంచీ ఖాళీ చేసి పెడతాం. గళ్ళు కాదు, చర్చ చూడండి. ఆ పది నిమిషాలు కోయాలనుకుంటే గళ్ళతో సహా కోసేయండి, చర్చ లేని గళ్ళు మాకొద్దు. ఉంచాలనుకుంటే కష్టంగానే ఉంచండి. సార్‌కు రోజూ ఒక్కరే కట్టడం భారమైతే వారంలో రెండు రోజులు పదో తరగతి వాళ్ళం కడతాం.

రావడానికి తీరిక లేనివాళ్ళ కోసం నేను కట్టిన ఆధారం ఒకటి ఇక్కడ పెడుతున్నాను. ఫోన్ ముట్టుకోకుండా ప్రయత్నించండి. జవాబు ఈ సంచికలో లేదు, నల్లబల్ల దగ్గర అడగండి.

మొదటి స్వరం వెనకే తమిళ చెట్టు, ఇక యుద్ధమే (3)