గుర్తింపు తగవులో ఫీజు కట్టేవారు

కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకా నుంచి ఒక తండ్రి ఇటీవల మా కార్యాలయానికి వచ్చారు. కుమార్తెను బెంగుళూరులో నర్సింగులో చేర్పించబోతున్నారట. ఆ కళాశాలకు ‘ఢిల్లీ గుర్తింపు’ ఉన్నదో లేదో కనుక్కొని చెప్పమన్నారు. ఆయన చేతిలో కళాశాలవారి రంగుల కరపత్రం ఉన్నది. ఈ విషయమై ఆయనకు తెలుగులో అందిన కాగితం అదొక్కటే.

ఆయన ప్రశ్నను తేలికగా తీసుకోరాదు. 1947 చట్టం కింద ఏర్పడిన భారత నర్సింగ్ కౌన్సిలు ఒకవైపు, నర్సుల పేర్లను నమోదు చేసే రాష్ట్ర కౌన్సిలు మరొకవైపు. కళాశాలలను గుర్తించేది ఎవరన్న తగవు కర్ణాటకలో ముదిరి, యాజమాన్యాలు కోర్టుకెక్కగా, ఆ అధికారం భారత కౌన్సిలుకు లేదని 2017 జులైలో హైకోర్టు తీర్పు చెప్పింది. తన కౌన్సిలు, విశ్వవిద్యాలయాల అనుమతి చాలునన్నది రాష్ట్ర ప్రభుత్వ వాదం. చట్టం దృష్ట్యా అందులో బలముండవచ్చు; దానితో నాకు పేచీ లేదు. కాని మా పిల్ల చదువు ముగించి మదనపల్లెలోనో చిత్తూరులోనో పనిచేయదలిస్తే, ఇక్కడి కౌన్సిలు నుంచి నిరభ్యంతర పత్రం తీసుకొని ఆంధ్రప్రదేశ్ కౌన్సిలులో మళ్ళీ నమోదు కావలసిందే. బెంగుళూరు వారికి అది పరరాష్ట్రం; మాకు మేనత్తగారి ఊరు. ఢిల్లీ జాబితాలో లేని కళాశాల పట్టాను అక్కడ ఎలా చూస్తారన్నది చేరకముందే తెలియవలసిన సంగతి. దానిని విడమరచి చెప్పవలసిన బాధ్యత రాష్ట్ర కౌన్సిలుదే.

పత్రికలైనా చెప్పినవా? నేను చదివినంతలో ఇది కేంద్రానికీ రాష్ట్రానికీ కుస్తీగానే అచ్చయింది. ఎవరు గెలిచారన్నది పతాక శీర్షిక. ఫీజు కట్టినవారి గతి ఏమిటన్నది లోపలి పుటలలో కూడా అరుదు. ప్రవేశాల కాలంలో అవే పుటల నిండా కళాశాలల ప్రకటనలుంటాయి కనుక నాకు ఆశ్చర్యం కలుగలేదు. హైదరాబాదు, విజయవాడ తెలుగు పత్రికలకు ఇది పొరుగు రాష్ట్రపు గొడవ. మా పిల్లలు కన్నడం చక్కగా చదువుతారు, ఆ మాట ఒప్పుకోవాలి. చదవలేనిది అప్పుచేసి ఫీజు కట్టే తండ్రుల తరం.

2023లో పార్లమెంటు చేసిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం పాత చట్టాన్ని తొలగించి కొత్త కమిషన్లను, జాతీయ రిజిస్టరును తలపెట్టింది. బోర్డు పేరు ఏదైనా మేము కోరేది ఒకటే: గుర్తింపు గల కళాశాలల జాబితా, పరరాష్ట్ర నమోదు నిబంధనలు ప్రవేశాలకు ముందే తెలుగులోనూ ప్రకటించాలి. జిల్లాలో గాని తాలూకాలో గాని 15 శాతం మంది మాట్లాడే భాషలోకి ముఖ్యమైన నిబంధనలను అనువదించి ప్రచురించాలన్నది అల్పసంఖ్యాక భాషల రక్షణ పథకంలోని మాటే. కోలారులో తెలుగు ఆ హద్దును ఎప్పుడో దాటినది.

ఆ తండ్రిచేత కౌన్సిలుకు తెలుగులోనే అర్జీ వ్రాయించాము. రాజ్యాంగం 350వ అధికరణం ఆ హక్కునిచ్చింది. జవాబు ఏ భాషలో రావాలో మాత్రం చెప్పలేదు. రిజిస్టర్డు తపాలాలో పంపి రసీదు దాచాము. అర్జీ నమూనాను ఈ సంచిక చివరి పుటలో ముద్రించాము. జవాబు వస్తే, ఏ భాషలో వచ్చినా, దానినీ అచ్చువేస్తాము.