రావిచెట్టు చెప్పింది హిందీలో

అండమాను వెళ్ళివచ్చినవారిని ఎవరిని అడిగినా ముందుగా చెప్పేది ఒకటే: "దిగిన సాయంకాలమే జైలులో దీపాలతో కథ చూపిస్తారు, అది చూడండి. తక్కినవన్నీ తరువాత." ఇన్నాళ్ళ బెంగుళూరు కాపురంలో మైసూరూ, శ్రీరంగపట్నమూ చుట్టాలు వచ్చినప్పుడల్లా చూస్తూ వచ్చాము గనుక, ఈసారి క్రిస్మసు సెలవుల చివర నాలుగు రోజులు సముద్రం దాటుదామని నిశ్చయించుకున్నాము. మేమంటే మా వారు, మేము, ఏడవ తరగతి చదువుతున్న మా చిన్నవాడు, ఎనభై దాటిన మా అత్తగారు. అత్తగారిని తీసుకువెళ్ళడం మంచిదా అని సలహా అడిగితే ఇరుగుపొరుగులు తలకొక మాట చెప్పారు. ఆవిడ మాత్రం ఎవరినీ అడగకుండానే సంచీ సర్దుకున్నారు.

బెంగుళూరు నుండి విమానం సుమారు రెండున్నర గంటలలో దింపింది. ఇన్నాళ్ళూ పోర్టు బ్లేయరు అన్న ఊరిని 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని మార్చారు. అత్తగారు ఆ పేరు విని, "మన తాలూకాలో ఊరిలా ఉన్నదే," అని సంతోషించారు. దిగిన తరువాత మాకు తోచిన మొదటి వింత సూర్యుడు. ఊరు దాదాపు మన బెంగుళూరుకు నేరుగా తూర్పున ఉన్నది. రేఖాంశంలో పదిహేను డిగ్రీల తేడా, అంటే సూర్యుని లెక్కన సరిగా ఒక గంట. గడియారం మాత్రం అక్కడా ఇక్కడా ఒక్కటే. అందువల్ల జనవరిలో అయిదుంబావుకల్లా పొద్దు కుంకింది. మా వారు కాఫీ ఇంకా తాగలేదని గొణుగుతూండగానే ఊరంతా దీపాలు పెట్టేశారు. చీకటిలో చూపవలసిన ఆటకు ఇంతకంటె అనువైన ఊరు లేదు.

ఇటువంటి ఆట మొదట పుట్టింది ఫ్రాన్సులో, షాంబోర్ అనే రాజభవనం దగ్గర, 1952లో. నటులు కనిపించరు. కట్టడమే రంగస్థలం, కట్టడమే పాత్ర. దీపం ఎక్కడ పడితే కథ అక్కడ జరిగినట్లు. మన దేశంలో ఎర్రకోటలో 1965లో వచ్చింది. గోలకొండలోది మనలో చాలామంది చూసే ఉంటారు.

అండమానులో కథ చెప్పేది జైలు ముంగిట ఉన్న రావిచెట్టు. చాలాకాలం ఆ చెట్టుకు గొంతు ఇచ్చినవారు ఓం పురీ. 2017లో ఆయన పోయారు. అన్నీ చూసిన చెట్టు చేత అన్నీ చెప్పించడం మంచి ఊహే. మన పల్లెలలోనూ రచ్చబండ మీది కథలన్నీ రావిచెట్టు కిందవే కదా. చిక్కల్లా ఒక్కటే: ఆ చెట్టుకు తెలుగు రాదు. హిందీలో ఒక ఆట, ఇంగ్లీషులో ఇంకొకటి. అత్తగారికి రెండూ రావు. మాకు ఇంగ్లీషు సరే, హిందీ అంతంత మాత్రం. బాగా వచ్చినవాడు చిన్నవాడు ఒక్కడే, బడిలో మూడవ భాషగా చదువుతున్నాడు గనుక. వాడి తెలుగు సంగతి ఈ పత్రిక చదివే తల్లులకు మేము వేరే చెప్పనక్కరలేదు. ఇంట్లో మాట్లాడతాడు, "అన్నం పెట్టు, చొక్కా ఏదీ" వరకు ఢోకా లేదు. అంతకు మించి వెళితే సగం కన్నడం, సగం ఇంగ్లీషు.

"నాయనమ్మా, నేను చెబుతానులే," అని వాడు ఆవిడ పక్క కుర్చీలో కూర్చున్నాడు. మాకు లోలోపల గుబులే. దీపాలన్నీ ఆరిపోయాయి. దోమలు మాత్రం పని మానలేదు.

చెట్టు మాట మొదలుపెట్టింది. ఒక రెక్క మీద ఎర్రని వెలుగు పడింది, ఎక్కడో గొలుసుల చప్పుడు. వాడు గుసగుసగా, "ఇది పీపల్ చెట్టు మాట్లాడుతోంది," అన్నాడు. "రావిచెట్టురా," అన్నారావిడ. "కాలాపానీ అంటోంది. నల్లనీళ్ళు."

"మా చిన్నతనంలో ద్వీపాంతరం అనేవారు," అన్నారు అత్తగారు. "ఫలానావాడిని ద్వీపాంతరం పంపించారంటే ఇక వాడి మాట ఎవరూ ఎత్తేవారు కాదు."

మేము ఆ చీకటిలో ఆ మాట దగ్గరే ఆగిపోయాము. ఈ దీవిని మాకు పరిచయం చెయ్యడానికి ఇన్ని దీపాలు, ఇన్ని గొంతుకలు కావలసివచ్చాయి. ఆవిడకు ఎనభై ఏళ్ళ కిందటి ఇంటిమాట ఒక్కటి ఆ పని ఎప్పుడో చేసిపెట్టింది. వేరే దీవికి పంపడమన్నదే శిక్ష పేరు.

కథ నడుస్తూ ఉన్నది. 1858లో రెండువందలమంది ఖైదీలతో ఇక్కడ శిక్షాస్థావరం వెలసింది, అందులో చాలామంది 1857 తిరుగుబాటులో పట్టుబడినవారు. జైలు కట్టడం 1896లో మొదలై 1906లో ముగిసింది. నడుమ ఒక బురుజు, దాని చుట్టూ సైకిలు చక్రం ఆకులవలె ఏడు రెక్కలు, మూడేసి అంతస్తులు, మొత్తం 693 గదులు, గదికి ఒక్కడు. ఒక రెక్క ముఖం ఇంకొక రెక్క వీపును చూసేటట్లు కట్టారు, ఖైదీకి ఇంకొక ఖైదీ కనిపించకుండా. సావర్కర్ అన్నదమ్ములిద్దరూ ఒకే జైలులో ఉండికూడా చాలాకాలం ఒకరినొకరు చూసుకోలేదు.

చిన్నవాడికి అంకెలతో చిక్కు రాలేదు. చిక్కు వచ్చింది కోల్హూ దగ్గర. "నాయనమ్మా, అది... ఆయిల్ మెషిన్. కాని ఎద్దు లేదు. మనిషిని కట్టి తిప్పిస్తారు. రోజుకు ముప్ఫై పౌన్ల కొబ్బరినూనె తియ్యాలి, లేకపోతే కొడతారు."

"గానుగా!" అన్నారు అత్తగారు, కాస్త గట్టిగానే.

వాడు ఒక్క క్షణం ఊరుకుని, "గాణ! మన వీధి చివర 'గాణద ఎణ్ణె' అని బోర్డు ఉన్నదే, ఆ గాణయేనా?" అన్నాడు. ఆ అంగడి ముందునుండే వాడు రోజూ బడికి వెళతాడు. నువ్వులనూనెకు వాడినే పంపుతాము కూడా. ఆ బోర్డు మీది మాటలో మనిషిని కాడికి కట్టే పనిముట్టు ఉన్నదని వాడికి అంతవరకు తోచలేదు. దీపాల వెలుగులో ముఖం చూస్తే వాడికి కథ అప్పుడే మొదలయినట్లున్నది.

ముందువరుసలో ఒక పెద్దమనిషి అప్పటికి రెండుసార్లు వెనక్కు తిరిగి చూశారు. మూడవసారి తిరిగినప్పుడు మేము క్షమాపణకు సిద్ధమయ్యాము. ఆయన, "కాస్త గట్టిగా చెప్పు బాబూ, మా ఆవిడకు కూడా అర్థమవుతుంది," అన్నారు. రాజమహేంద్రవరంవారట. ఇక మావాడికి పట్టపగ్గాలు లేవు. "భూఖ్ హర్తాళ్" దగ్గర మాత్రం మళ్ళీ తడబడి, "అన్నం మానేశారు, అందరూ కలిసి మానేశారు," అన్నాడు. నిరాహారదీక్ష అని ఆ పెద్దమనిషి అందించారు. 1933లో జరిగిన ఆ దీక్షలో గొట్టాలు పెట్టి బలవంతంగా పాలు పోయగా ముగ్గురు చనిపోయారు: మహావీర్ సింగు, మోహన్ కిశోర్ నామదాసు, మోహిత్ మైత్ర. 1937లో మళ్ళీ దీక్ష పట్టిన తరువాత ఖైదీలను స్వదేశానికి పంపడం మొదలయింది. ఆ ముగ్గురి సంగతి వచ్చినప్పుడు వాడు అనువాదం మానేశాడు. అత్తగారూ అడగలేదు.

దీపాలు వెలిగాయి. గేటు వైపు నడుస్తూ ఆవిడ అడిగారు: "ఒరే నాయనా, మల్లుదొర పేరు వచ్చిందా?"

"నాకు వినిపించలేదు నాయనమ్మా. నీకు చెబుతూ కొంత పోగొట్టుకున్నాను."

ఎవరా మల్లుదొర అని మేమూ అడగవలసివచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది. అత్తగారి పుట్టిల్లు విశాఖపట్నం, వారి తండ్రిగారి స్వస్థలం నర్సీపట్నం వైపు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు ఠాణా మీద పడి తుపాకులు పట్టుకుపోయాడు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఆయన వెంట ఉన్నవారిలో గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములు ముఖ్యులు. 1924 మే 7న సీతారామరాజును కాల్చివేశారు. ఆ తరువాత కొద్దిరోజులకే గంటందొర కూడా పోరులో పడిపోయాడు. అంతకుముందే, 1923లో, పట్టుబడిన మల్లుదొరకు మొదట ఉరిశిక్ష విధించి, తరువాత యావజ్జీవ ద్వీపాంతరంగా మార్చారు. అలా ఆయన ఈ అండమాను చేరాడు. చేరి, బ్రతికి, తిరిగి వచ్చాడు. 1952లో తొలి ఎన్నికలలో విశాఖపట్నం నుండి స్వతంత్రుడుగా నిలిచి లోక్‌సభకు వెళ్ళాడు. అప్పట్లో ఆ స్థానానికి ఇద్దరు సభ్యులు, రెండవవారు లంకా సుందరంగారు.

"మా నాన్న ఓటువేసి వచ్చి, ద్వీపాంతరం వెళ్ళినవాడికి వేశానే అని మా అమ్మతో చెప్పాడు," అన్నారు అత్తగారు. "అప్పుడు నాకు ఏడేళ్ళు. వెళ్ళినవాడు తిరిగిరావడం కూడా ఉంటుందని అదే వినడం."

కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి పేరు మా వారికి గుర్తున్నది, ఆయనా ఇక్కడికి వచ్చినవారే. ఒక గంట ఆటలో ఎందరి పేర్లని చెబుతారు? ఆ మాట ఆడేవారి మీద నిష్ఠూరంగా అనడం లేదు. ఎవరి పేర్లు వారు వెంట తెచ్చుకోవలసిందేనని మాత్రం అనిపించింది. మేము ఖాళీ చేతులతో వెళ్ళాము, అత్తగారు వెళ్ళలేదు.

మరునాడు పగటిపూట మళ్ళీ వెళ్ళాము. రాత్రి దీపాలలో కొండంత కనిపించిన జైలు పగలు చూస్తే సగమే ఉన్నది. ఏడు రెక్కలలో మూడే మిగిలాయి. రెండింటిని 1942 నుండి 1945 వరకు దీవులను ఆక్రమించిన జపానువారు కూల్చారు, మరి రెండు స్వాతంత్ర్యం వచ్చిన తరువాత పోయాయి. ఆ స్థలంలో ఇప్పుడు పెద్ద ఆసుపత్రి ఉన్నది. 1979 ఫిబ్రవరిలో జైలును జాతీయ స్మారకం చేశారు. గది పదమూడున్నర అడుగుల పొడుగు, ఏడడుగుల వెడల్పు. మావాడు లోపలికి వెళ్ళి తలుపు వెయ్యమన్నాడు. వేశాము. లోపలివాడి చెయ్యి ఎట్లా చాపినా అందకుండా గడియ గోడలో దూరంగా అమర్చి ఉన్నది. పది లెక్కపెట్టకముందే, "తియ్యండి," అన్నాడు.

బురుజు గోడల మీద ఖైదీల పేర్లు రాష్ట్రాలవారీగా చెక్కి ఉన్నాయి. అత్తగారు మెట్లు ఎక్కలేక కింద నీడలో కూర్చున్నారు. మావాడు మల్లుదొరను వెతకడానికి పైకి వెళ్ళి, పేర్లన్నిటికీ ఫోనులో ఫొటోలు తీసుకుని, తీరికగా చదువుతానని దిగివచ్చాడు. రాత్రి చూసినవన్నీ వాడే ఇప్పుడు ఆవిడకు వేలు పెట్టి చూపించాడు, గానుగతో సహా.

ఈ ఆటతో మాకు ఒక ఇబ్బంది కూడా కలిగింది, దాచడమెందుకు. మొదటి రాత్రే చూడడం వల్ల మావాడికి దీవి యావత్తూ జైలే అయిపోయింది. కొబ్బరితోట కనిపిస్తే, "ఇక్కడ కూడా కొట్టేవారా?" అని అడిగాడు. అబర్డీను బజారులో ఇడ్లీలు తింటూండగా, ఆ పేరుతోనే 1859 మేలో ఒక యుద్ధం జరిగిందని, విల్లంబులతో ఈ దీవివాసులే తెల్లవారి తుపాకులకు ఎదురు నిలిచారని మా వారు చెప్పారు. ఖైదీలు రాకముందు ఈ దీవి ఎవరిదన్న ప్రశ్న వాడికి అప్పుడు పుట్టింది. పుట్టింది గనుక సరిపోయింది.

మూడవనాడు చేపల రేవుకు వెళ్ళాము. వల బాగుచేసుకుంటున్న ఒకామె మా మాటలు విని, "ఏ ఊరమ్మా మీది?" అన్నది. ఆ యాస వినగానే అత్తగారు అక్కడే ఒక పెట్టె మీద కూలబడ్డారు. ఆమెది శ్రీకాకుళం వైపట. తాత పడవ పనికి వచ్చాడు, తండ్రి ఇక్కడే పుట్టాడు, తానూ ఇక్కడే. 2011 జనాభా లెక్కలలో ఈ దీవులవారిలో నూటికి పదమూడుగురి మాతృభాష తెలుగు అని విన్నప్పుడు నమ్మకం కుదరలేదు గాని, ఆ రేవులో అరగంట నిలబడితే లెక్క తక్కువేమో అనిపిస్తుంది. జైలులో దీపాల ఆట చూశావా అని మావాడు ఆమె కూతురిని అడిగాడు. బడివాళ్ళతో ఒకసారి చూసిందట. "మా ఇంటినుండి దీపాలు కనబడతాయి," అన్నది ఆ పిల్ల, అందులో విశేషం ఏమున్నదన్నట్లు.

వెళ్ళదలచినవారికి రెండు మాటలు. టిక్కెట్లు ముందుగా తీసుకోండి, అప్పటికప్పుడు దొరకడం కష్టం. దోమల మందు మరవకండి. ఇంట్లో పెద్దవారుంటే వారి పక్కన ఒక పిల్లవాడిని కూర్చోబెట్టండి.

మావాడు ఆ ఫొటోలు పూర్తిగా చదవలేదు, బడి తెరిచారు. అత్తగారు మాత్రం వచ్చే వేసవికి కృష్ణదేవిపేటలో సీతారామరాజు సమాధి చూడాలంటున్నారు. విశాఖపట్నం రైలులో నాలుగు బెర్తులు ఏ రోజుకు దొరుకుతాయో మా వారు చూస్తున్నారు.