మైలేజీ బంకులో దొరకదు

ఆదివారం పొద్దున బళ్లారి సరిహద్దు దాటగానే వచ్చే పెట్రోల్ బంకుల్లో ఏపీ 02, ఏపీ 39 నంబర్ల బళ్లు వరస కట్టి ఉంటాయి. గుంతకల్లు, ఉరవకొండ, రాయదుర్గం, ఆదోని నుంచి హంపికో, సండూరు కొండలకో, ఇంకా ముందుకు పోతే గోవాకో బయల్దేరిన కుర్రాళ్లు రిజర్వులో బండిని ఇక్కడిదాకా లాక్కొచ్చి ట్యాంకు నింపుకుంటారు. అందులో తప్పేమీ లేదు. 1953 అక్టోబర్ 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చి, బళ్లారి, హోసపేట, సండూరు మైసూరుకు పోయిన నాటి నుంచి ఈ రోడ్డు మీద రెండు రాష్ట్రాల పన్నులు నడుస్తున్నాయి. 2024 జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం లీటరుకు మూడు రూపాయలు పెంచింది. అయినా ఆంధ్ర ధర కంటే ఇక్కడ తక్కువే. చేతికొచ్చే డబ్బును వద్దనమని ఎవరికీ చెప్పను.

నా తగువు ఆ తర్వాత జరిగే దాని మీద. ట్యాంకు మూత బిగించి, లీటరుకు ఐదు రూపాయలు మిగిలిందన్న తృప్తితో అదే కుర్రాడు రోడ్డెక్కి తొంభై మీద పోతాడు. సాయంత్రం తిరిగొచ్చి, బండి మైలేజీ ఇవ్వడం లేదని మెకానిక్ షెడ్డు ముందు ఆపుతాడు. ఆ మెకానిక్కు ఏదో ఒకటి తిప్పక తప్పదు. లాంగ్ రైడ్‌లో మైలేజీ అంటే ఇంజన్‌లో ఉంటుంది, పెట్రోల్‌లో ఉంటుంది, దిగుడులో న్యూట్రల్ వేసే నేర్పులో ఉంటుంది అన్న నమ్మకం మన వైపు ఎంత గట్టిపడిందంటే, దాన్ని కాదన్నవాడు బండి తెలియనివాడు అయిపోతున్నాడు. కాదని గట్టిగా చెప్పాల్సిన సమయం వచ్చింది. దూర ప్రయాణంలో మన పెట్రోల్‌ను తాగేది ముఖ్యంగా గాలి. ఆ గాలితో ఎంత పోట్లాడాలో నిర్ణయించేది మన కుడిచేయి, మనం కట్టుకున్న మూటల వెడల్పు. మిగతావన్నీ వీటి తర్వాతే.

లెక్క చూద్దాం. బండి మీద గాలి తోపు వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగపు వర్గంతో పెరుగుతుంది. అరవైలో ఉన్న తోపు తొంభైకి వచ్చేసరికి రెండుంపావు రెట్లు అవుతుంది. కారుకు నున్నటి ఒళ్లుంది. మోటార్‌సైకిల్‌కు అది లేదు. మనిషి ఛాతీ, మోకాళ్లు, అద్దాలు, లెగ్‌గార్డు, వెనక బ్యాగులు అన్నీ గాలిని చీల్చకుండా కొడతాయి. సామానుతో కలిపి మూడొందల కిలోలుండే టూరింగ్ బండి డెబ్బైలో పోతున్నప్పుడే చక్రాల రాపిడి కంటే గాలి తోపు రెట్టింపుకు పైగా ఉంటుంది. తొంభైలో అది నాలుగు రెట్లకు చేరుతుంది. ఎక్కువ భారం మీద ఇంజన్ కొంత మెరుగ్గా పనిచేస్తుంది గనక పెట్రోల్ ఖర్చు అదే లెక్కన పెరగదు. సరే, డెబ్బై నుంచి తొంభైకి పోతే ఐదో వంతే పెరిగిందనుకుందాం. లీటరుకు 35 ఇచ్చే బండి మూడొందల కిలోమీటర్లకు ఎనిమిదిన్నర లీటర్లు తాగాలి. ఐదో వంతు ఎక్కువంటే ఇంకో లీటరూ ముప్పావు. దాని ఖరీదు నూట డెబ్బైకి పైమాటే. సరిహద్దు దాటి పోయించుకున్నందుకు ఆ పది లీటర్ల మీద మిగిలింది యాభై చిల్లర.

దీనికి వెంటనే వచ్చే జవాబు నాకు తెలుసు: టైము మిగులుతుంది కదా అని. అడ్డం లేని రోడ్డు మీద, అదే వేగం పట్టుకుని పోగలిగితే మిగులుతుంది. మనం పోయేది అక్కడ కాదు. గుత్తి నుంచి బళ్లారి మీదుగా హోసపేట, కొప్పళ, హుబ్బళ్ళి పోయే 67వ నంబరు జాతీయ రహదారి మీద తోరణగల్లు దగ్గర ఉక్కు ఫ్యాక్టరీ లారీలు, ఊళ్ల దగ్గర మిరప మూటల ట్రాక్టర్లు, గొర్రెల మందలు, స్పీడ్ బ్రేకర్లు. తొంభైకి ఎక్కించడం, బ్రేకు కొట్టడం, మళ్లీ ఎక్కించడం. మూడొందల కిలోల బరువును నిలబడ్డ చోటు నుంచి తొంభైకి తీసుకుపోవడానికి పట్టే పెట్రోల్ పన్నెండు మిల్లీలీటర్ల దాకా ఉంటుంది, రెండు టీస్పూన్లకు పైన. బ్రేకు పట్టగానే అదంతా డిస్కు వేడిగా పోతుంది. అరవై నుంచి ఆపితే పోయేది అందులో సగం కంటే తక్కువ. ముందున్న లారీని దూరం నుంచే చూసి యాక్సిలరేటర్ వదిలేసినవాడు బ్రేకు మీద చేయి వేయకుండానే దాని వెనక చేరతాడు. హోసపేట చేరేసరికి ఇద్దరి మధ్య తేడా ఒక టీ తాగేంత.

ఇక గాలి దిక్కు. ఇది మన ప్రాంతం సంగతి, దీన్ని మనమే పట్టించుకోం. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలులు ఈ మెట్ట మీద పడమటి వైపు నుంచి ఆగకుండా వీస్తాయి. చిత్రదుర్గ గుట్టల మీద, గదగ వైపు కప్పతగుడ్డ మీద, మన అనంతపురం జిల్లా కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. గంటకు ఇరవై కిలోమీటర్ల గాలి ఎదురుగా ఉన్న రోజు గుంతకల్లు నుంచి బళ్లారికి డెబ్బైలో పోతే ఛాతీకి తగిలే గాలి తొంభైది. అదే రోడ్డు మీద, అదే వేగంతో, అదే రోజు తిరిగొస్తే తగిలేది యాభైది. ఈ రెంటి తోపుల మధ్య తేడా మూడు రెట్లకు పైన. పోయేటప్పుడు బళ్లారిలో పోయించుకుని, వచ్చేటప్పుడు గుంతకల్లులో పోయించుకున్నవాడు ఈ పెట్రోల్ మంచిది, ఆ పెట్రోల్ కల్తీ అని తీర్పు చెప్పేస్తాడు. అతను కొలిచింది పెట్రోల్‌ను కాదు, గాలిని. ఎదురుగాలి రోజున స్పీడోమీటర్ ముల్లు చూసి వేగం పట్టుకోవడం కంటే పది తగ్గించి పోవడం పదింతల మేలు. వెనక గాలి ఉన్న పూట కావాలంటే ఆ పది తిరిగి తీసుకోవచ్చు.

మూటల గురించి రెండు మాటలు. బరువు మైలేజీని తింటుందని అందరికీ తెలుసు, వెడల్పు తింటుందని ఎవరూ ఒప్పుకోరు. చదును రోడ్డు మీద పది కిలోల బరువు చేసే నష్టం స్వల్పం. హ్యాండిల్ కంటే బయటికి పొడుచుకొచ్చిన రెండు అల్యూమినియం పెట్టెలు చేసేది చాలా ఎక్కువ, అవి ఖాళీగా ఉన్నా సరే. హంపి చూసి సాయంత్రానికి ఇల్లు చేరేవాడికి ఆ పెట్టెలు ఎందుకు? సామాను సీటు మీద వీపు వెనక, మనిషి నీడలో కట్టుకుంటే గాలికి అది కనబడదు. కోటు గుండీలు పెట్టుకోకుండా రెపరెపలాడించేవాళ్లకూ ఇదే మాట.

అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం దిగుడులో న్యూట్రల్. సండూరు కొండల్లో, రామనదుర్గ నుంచి కిందికి వచ్చే మలుపుల్లో ఇంజన్ చప్పుడు లేకుండా బళ్లు జారిపోవడం చూస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 నిబంధన వచ్చాక అమ్ముడైన బళ్లలో దాదాపు అన్నింటికీ ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది. ఇలాంటి బండి గేరులో ఉండి, యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి, ఇంజన్ తగినంత తిరుగుతున్నప్పుడు ఇంజెక్టర్ పెట్రోల్ చల్లడమే ఆపేస్తుంది. చక్రమే ఇంజన్‌ను తిప్పుతుంది. న్యూట్రల్ వేయగానే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి మళ్లీ చల్లడం మొదలుపెట్టాలి. అంటే పొదుపు అనుకుని చేసే పని వల్లే పెట్రోల్ ఖర్చవుతోంది. కార్బొరేటర్ ఉన్న పాత బుల్లెట్లకు ఈ సదుపాయం లేదు. బ్రేకు అక్కర్లేని చిన్న వాలు మీద న్యూట్రల్‌లో బండి ఇంకాస్త దూరం జారుతుందన్నదీ నిజమే, కాదనను. కానీ ఘాట్ దిగుడు అలాంటి వాలు కాదు. అక్కడ ఎలాగూ వేగం తగ్గించుకోవాలి. ఇంజన్ పట్టు లేకపోతే ఆ పనంతా బ్రేకుల మీద పడుతుంది. వెనక చక్రానికి డ్రమ్ము ఉన్న బండి ఇద్దరితో, సామానుతో దిగుతుంటే ఆ డ్రమ్ము వేడెక్కి పట్టు సడలుతుంది. కొందరు తాళమే తిప్పేస్తారు. దాంతో ఏబీఎస్ పోతుంది, లైటు పోతుంది. ఎదురుగా ఖనిజం లారీ మలుపు తిరుగుతుంటుంది.

అసలు మిగిలేదెంతో లెక్క వేస్తే ఈ సాహసం వెనక ఏమీ లేదని తెలుస్తుంది. మూడొందల కిలోల బండిని రెండొందల మీటర్ల ఎత్తు ఎక్కించడానికి అయ్యే అదనపు పెట్రోల్ డెబ్బై, ఎనభై మిల్లీలీటర్లు. దిగేటప్పుడు ఏ మాయ చేసినా అంతకంటే ఎక్కువ వెనక్కి రాదు. ఏడెనిమిది రూపాయలు. దాని కోసం ప్రాణం పణం పెట్టే పద్ధతిని తమ్ముళ్లకు నేర్పుతున్నారు మన సీనియర్ రైడర్లు. ఇది నేర్పు కాదు.

మిక్చర్ స్క్రూ సంగతి కూడా చెప్పాలి. పాత కార్బొరేటర్ బళ్లకు ఆ స్క్రూ తిప్పి పెట్రోల్ తగ్గిస్తే మైలేజీ పెరుగుతుందంటారు. ఆ స్క్రూ పనిచేసేది బండి ఐడిలింగులో ఉన్నప్పుడు, యాక్సిలరేటర్ కొంచెం తెరిచినప్పుడు. డెబ్బైలో పోతున్న బండికి పెట్రోల్ ఇచ్చేది సూది, మెయిన్ జెట్. వాటినే సన్నం చేస్తే, నలభై డిగ్రీలు దాటే బళ్లారి ఎండలో ఇంజన్ వేడెక్కి కొట్టుకోవడం మొదలుపెడుతుంది. ప్రీమియం పెట్రోల్ మాటా అంతే. ఎక్కువ ఆక్టేన్ అంటే అకాలంగా మండకుండా తట్టుకునే గుణం, మామూలు పెట్రోల్ కంటే ఎక్కువ శక్తి కాదు. బండి పుస్తకం అడగనప్పుడు ఆ డబ్బు దండగ. ఇప్పుడు బంకుల్లో ఉన్న ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్ గురించి చేసే ఫిర్యాదులో మాత్రం పస ఉంది. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ గనక మొత్తం మీద ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. ఇది సరిహద్దుకు రెండు వైపులా ఒకటే. ఆ ఆరేడు శాతాన్ని వేగంలో పది తగ్గించి ఎవరైనా తిరిగి రాబట్టుకోవచ్చు.

ఎండాకాలం చక్రాల్లో గాలి తగ్గించుకోవాలి, లేకపోతే పేలుతుంది అన్న నమ్మకం బళ్లారిలోనూ ఉంది, అనంతపురంలోనూ ఉంది. ఇది పూర్తిగా తలకిందుల మాట. గాలి తక్కువైన టైరు రోడ్డు మీద ఎక్కువ వంగుతుంది, ఆ వంగుడుకే వేడెక్కుతుంది, ఆ వేడికే పేలుతుంది. మైలేజీ కూడా అక్కడే కారిపోతుంది. వేడికి గాలి ఒత్తిడి పెరుగుతుందని తెలిసే కంపెనీ అంకె వేస్తుంది. చల్లారిన టైరులో, పొద్దున్నే, బండి మీద స్టిక్కరు చెప్పినంత కొట్టించాలి. ఒంటరిగా పోతే వెనక చక్రానికి 28 అని, ఇద్దరుంటే 32 అని రాసి ఉండటం చాలా బళ్ల మీద కనిపిస్తుంది. ఆ రెండో అంకెను చూసేవాళ్లెంతమంది? సండూరు, తోరణగల్లు వైపు తిరిగేవాళ్లు ఎర్ర దుమ్ము గురించి జాగ్రత్త పడటం కూడా న్యాయమే. ఆ దుమ్ము చైనుకు పట్టి నూనెతో కలిసి రుబ్బుతుంది, ఎయిర్ ఫిల్టర్‌ను మూసేస్తుంది. తిరిగొచ్చాక చైను తుడిచి నూనె వేయడం, ఫిల్టర్ చూపించుకోవడం షెడ్డులో చేయించుకోదగ్గ పనులు. స్క్రూలు తిప్పించుకోవడం కాదు.

కొలవడం కూడా మనకు సరిగ్గా అలవాటు కాలేదు. డిస్‌ప్లే మీద కనిపించే సగటు అంకె నిమిషానికోసారి మారుతుంది, దాన్ని ఫోటో తీసి చూపిస్తే ఏం తేలుతుంది? నాజిల్ దానంతట అది ఆగేదాకా నింపి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, పోయి తిరిగొచ్చి, అదే బంకులో, బండిని అలాగే నిలబెట్టి, మళ్లీ ఆగేదాకా నింపాలి. పోయిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగించాలి. పోవడం, రావడం రెండూ లెక్కలోకి వస్తేనే గాలి దిక్కు మోసం చేయదు. ఒకసారి డెబ్బై దాటకుండా, ఇంకోసారి మీ ఇష్టం వచ్చినట్టు పోయి కొలవండి. నా మాట నమ్మనక్కర్లేదు.

కంపెనీలు ప్రకటించే మైలేజీ ల్యాబులో రోలర్ల మీద, నిర్ణీత పద్ధతిలో తీసిన లెక్క. ఒక బండిని ఇంకో బండితో పోల్చడానికి అది పనికొస్తుంది. ఇద్దరు మనుషులు, రెండు పక్కల పెట్టెలు, నైరుతి ఎదురుగాలి అందులో లేవు. టూరింగ్ బండి అని పేరు పెట్టి, పెట్టెల ఫోటోలతో అమ్ముతున్నప్పుడు ఎనభై వేగంలో, పూర్తి సామానుతో, ఇద్దరితో వచ్చే అంకెను కూడా ఆ కాగితం మీదే అచ్చు వేయాలి. కొనేవాళ్లు షోరూములో ఆ అంకె అడగడం మొదలుపెట్టాలి. అది వచ్చేదాకా ఆ లెక్క మనమే తీసుకోవాలి, మన రోడ్డు మీద, మన గాలిలో.