మిద్దెకు పిట్టగోడ, వీధికి స్పీడ్‌ బ్రేకర్‌

హైదరాబాదు-బెంగళూరు 44వ నంబరు జాతీయ రహదారి డోన్‌ పక్కనుంచే వెళ్తుంది. హైవే మీది వేగం వీధిలోకి వచ్చాక కూడా తగ్గించని బైకులవాళ్లు అన్ని ఊళ్లలోనూ ఉన్నారు. అందుకే స్పీడ్‌ బ్రేకర్‌ వేయాలని కొందరంటారు. నడుమునొప్పివాళ్లకు, గర్భిణులకు, అంబులెన్సుకు ఇబ్బందని మరికొందరంటారు. రెండు మాటల్లోనూ న్యాయముంది.

నిజానికి తగాదా సగం కొలతల దగ్గరే ఉంది. ఇండియన్‌ రోడ్స్‌ కాంగ్రెస్‌ చెప్పింది 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవాళ్లు దాన్ని ఇబ్బంది లేకుండా దాటగలరు. రాత్రికి రాత్రి ఎవరో పోసే సిమెంటు దిమ్మె స్పీడ్‌ బ్రేకర్‌ కాదు, మరో ప్రమాదం!

కొత్త ఇల్లు కట్టినవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలని, లేకుంటే పడినవాని రక్తదోషం ఆ ఇంటిమీదికి వస్తుందని మోషే ధర్మశాస్త్రం (ద్వితీ 22:8) హెచ్చరించింది. పడినవాడు జాగ్రత్తగా ఉన్నాడా లేదా అని అది అడగలేదు, ఇల్లు కట్టినవాడినే నిలదీసింది. 2022లో మన దేశంలో 1,68,491 మంది రోడ్లమీద చనిపోయారు. అన్నింటినీ ‘దేవుని చిత్తం’ అనేసి ఊరుకుంటే, పిట్టగోడ కట్టమన్న దేవుని మాట ఏమైనట్టు?

ఆదివారం మన బైకులు, కార్లు చర్చి ముందు రెండువైపులా నిలిపితే పిల్లలు రోడ్డు మధ్యలో నడవాల్సిందే. సంఘపెద్దలు ముందు వాటిని ఒకపక్కకు పెట్టించాలి. తర్వాత కొలతల ప్రకారం, తెల్లచారలతో, హెచ్చరిక బోర్డుతో వేయమని మునిసిపాలిటీకి అర్జీ రాసి, వద్దన్నవాళ్ల గడపకూ సంతకానికి వెళ్లాలి.