చుక్కంత పెచ్చుకు డబ్బాడు రంగెందుకు?

మా తమ్ముడు గట్టివాడు. పత్తికి గులాబీ పురుగు పట్టినా, మండీలో రేటు పడిపోయినా కళ్ళలో నీళ్ళు పెట్టుకున్న మనిషి కాదు. అలాంటివాడు పోయిన డిసెంబర్‌లో ఒక ఆదివారం పొద్దున, బోథ్‌లో మా వాకిట్లో కారు బానెట్ మీద వేలు పెట్టి లేచిపోయిన రంగు పెచ్చులు ఒక్కొక్కటే లెక్కపెడుతుంటే ముఖం చిన్నబోయింది. పదిహేడు ఉన్నాయి. "ఇజ్జత్ పోతది భాయిజాన్. ఇట్లున్న బండి ఎవరికి చూపిస్తం?" అన్నాడు.

కారు అమ్మాలి. పదకొండేళ్ళ పాత వెండి రంగు చిన్న కారు. బిడ్డ నర్సింగ్ చదువుతోంది, రెండో ఏడాది ఫీజు కట్టాలి. పెయింట్ మిస్త్రీని అడిగొచ్చాడు. బానెట్ మొత్తం, ముందు ఫెండర్, ఒక డోరు కలిపి పన్నెండు వేలు. "షోరూమ్ లెక్క చేసిస్త, ఒక్క దాగ్ కనబడదు" అన్నాడట మిస్త్రీ. వీడు ఒప్పుకునే వచ్చాడు. నేను నక్కో అన్నాను. ఆ బహస్ రెండు రోజులు నడిచింది. ఇది మా ఒక్క ఇంటి బహస్ కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

పెచ్చులు ఎందుకు లేస్తాయో మనవైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. బోథ్ క్రాస్ రోడ్డు దగ్గర నేషనల్ హైవే 44 ఎక్కగానే కంకర టిప్పర్లు. ఇటు లోపలి రోడ్ల మీద పత్తి ట్రాక్టర్లు. ముందు బండి టైరు చిమ్మిన రాయి బానెట్‌కు తగిలితే తిట్టుకోవడం తప్ప చేసేదేమీ లేదు. టిప్పర్ వెనకాల అంటుకుని పోకపోవడం ఒక్కటే ఇలాజ్. మా తమ్ముడికి అది చేతకాదు.

అసలు కారు రంగు మందం ఎంతో తెలుసా? కంపెనీ వేసిన పొరలన్నీ కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. మామూలు జిరాక్స్ కాగితం ఒకటో, ఒకటిన్నరో. అందులోనే ఇనుముకు అంటి తుప్పును ఆపే పొర, దాని మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికన్నా పైన మెరిసే క్లియర్ కోట్. రాయి ఎంత లోతుకు పోయిందన్నదే చూడాల్సిన సంగతి. పెచ్చు లోపల బూడిద రంగో, తెలుపో కనిపిస్తే ప్రైమర్ ఇంకా ఉన్నట్టు, తొందర లేదు. ఇనుము తళుక్కుమంటే తొందరపడాలి. ఎర్రగా కనిపిస్తే జంగ్ మొదలైంది. ఒక వానాకాలం వదిలేస్తే అది రంగు కిందనుంచి చాప కింద నీరులా పాకుతుంది.

ఇంకో మాట. ముందు బంపర్ ఇప్పటి కార్లలో ప్లాస్టిక్. దానికి జంగ్ రాదు. మా పదిహేడు కాక బంపర్ మీద ఇంకో తొమ్మిది ఉన్నాయి. వాటిని ముట్టుకోలేదు. బానెట్ అంచు, అద్దం పైన రూఫ్ అంచు, డోర్ల అంచులు, చక్రం మీది వంపు, ఇవే అసలు చూడాల్సినవి.

పని మేమిద్దరం, మా అబ్బాయి కలిసి చేశాం. కారు మీద స్టిక్కర్‌లో ఉన్న రంగు కోడ్ చూసి అదే కోడ్ టచప్ సీసా, క్లియర్ కోట్ సీసా, కాస్త ప్రైమర్ తెప్పించాం. అన్నీ కలిపి వెయ్యి దాటలేదు. కోడ్ చూడకుండా "సిల్వర్ ఇవ్వు" అని అడిగితే సిల్వర్‌లోనే పది రకాలు. ముందు షాంపూతో కడిగి, ఆరాక, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పెచ్చులు తుడిచాం. మైనం, జిడ్డు ఉంటే రంగు పట్టదు. థిన్నర్ మాత్రం వద్దు, ఎప్పుడో లోకల్‌గా రంగు వేయించిన చోటైతే చుట్టూ ఉన్నదాన్నీ ఊడదీస్తుంది. జంగ్ ఉన్న నాలుగు చోట్ల అగ్గిపుల్లకు ఎమరీ పేపర్ ముక్క అంటించి, పెచ్చు లోపలే గీకి, ప్రైమర్ చుక్క పెట్టాం.

సీసా మూతకున్న బ్రష్ పక్కన పెట్టండి. అది గోళ్ళ రంగుకు బాగుంటుంది. పంటిపుల్ల కొసకు రంగు అద్ది, పెచ్చు మధ్యలో ఒక చుక్క వదలాలి. అంతే, పూయొద్దు. రంగు ఆరేకొద్దీ కుంగుతుంది, కాబట్టి గంటకో చుక్క చొప్పున మూడు నాలుగుసార్లు. మర్నాడు క్లియర్ కోట్ చుక్క. డిసెంబర్‌లో మా దగ్గర పొద్దున చలికి వేళ్ళు కొంకర్లు పోతాయి, ఆ చలిలో రంగూ ఆరదు. పది దాటాక మొదలుపెట్టాం, అదీ నీడలో. ఎండకు కాలిన రేకు మీద వేస్తే పైపైన ఆరి లోపల పచ్చిగా ఉంటుంది. వానాకాలం ముసురులో అయితే తెల్లగా మసక కడుతుంది.

వారం ఆగాక 2000 నంబర్ వాటర్ పేపర్‌ను సబ్బునీళ్ళలో ముంచి, పైకి ఉబ్బిన చుక్కను మాత్రమే మెల్లగా రుద్ది, రబ్బింగ్ కాంపౌండ్‌తో మెరుగు పెట్టాలి. చుట్టూ ఉన్న క్లియర్ కోట్ మందం 40, 50 మైక్రాన్లే. ఈ ముక్క నాకు ముందే తెలుసు, అయినా మొదటి చుక్క దగ్గర జోష్‌లో రుద్దేశాను. రూపాయి బిళ్ళంత మసక మరక పడింది. ఇంట్లో ఆవిడ కిటికీలోంచి చూసి నవ్వింది. మిగతా పదహారూ మా అబ్బాయికి వదిలేశాను. వాడి చేతిలో నాకంటే సబర్ ఉంది.

ఫలితం ఎట్లుంది? దగ్గరికి వచ్చి చూస్తే చుక్కలు తెలుస్తాయి. వెండి రంగులో సన్నటి లోహపు రవ్వలుంటాయి. స్ప్రేలో అవి ఒక తీరుగా పరుచుకుంటాయి, చుక్కలో ఇంకో తీరుగా. తెల్ల కారైతే ఇంకా బాగా కలిసేది. కానీ నాలుగడుగుల దూరం నుంచి కనపడవు, జంగ్ రాదు. టచప్ పని అంతవరకే. ఐబ్ దాచడం దాని పని కాదు.

రంగు, లప్పం, నునుపు మన ఇలాకాకు కొత్త హునర్ కాదు. ఘాట్ దిగితే నిర్మల్. అక్కడి నక్కాష్‌లు మెత్తటి పునికి కర్రతో బొమ్మ చెక్కి, రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్దతో అతుకులు పూడ్చి, నునుపు చేసి, రంగులు వేస్తారు. వాళ్ళు వాడుతూ వచ్చిన రంగుల్లో డ్యూకో ఒకటి. 1920లలో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ కార్ల కోసం తెచ్చిన రంగు అది. అంతకుముందు కారు రంగు ఆరడానికి వారాలు పట్టేదట, డ్యూకో గంటల్లో ఆరేది. కారు కోసం పుట్టిన రంగు మన నిర్మల్‌కొచ్చి బొమ్మల మీద చేరింది. అక్కడ లప్పం హునర్, దాని మీదే బొమ్మ నిలుస్తుంది. పాత కారు డోరు కింద అదే లప్పం చాలాసార్లు ధోకా.

ఎందుకంటున్నానంటే, ఎనిమిదేళ్ళ కింద నేనే ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. పక్క టౌన్‌లో, పేరెందుకు. డోరు అద్దంలా ఉండింది. ఒక వానాకాలం గడిచేసరికి పొక్కులు లేచాయి. గోరుతో గీకితే వేలెడు మందం లప్పం, దాని కింద జల్లెడలాంటి రేకు. తెలిసినవాళ్ళు బట్ట చుట్టిన అయస్కాంతం తెస్తారు, లప్పం మీద అది నిలవదు. నాకప్పుడు తెలియదు. అమ్మినాయన ఒక్క మాట చెప్పలేదు.

అందుకే తమ్ముడికి చెప్పాను: కంపెనీలో సుమారు 140 డిగ్రీల వేడిలో కాల్చి గట్టిపరచిన రంగు ఇది. పదకొండేళ్ళు నిలిచింది. చుక్కంత పెచ్చుల కోసం దాన్ని గీకేసి, షెడ్డులో దుమ్ము మధ్య కొత్తది కొట్టిస్తే, తెలివైన కొనుగోలుదారుడికి వచ్చే మొదటి షక్ ఏమిటి? ఈ బండి ఎక్కడో గుద్దుకుందని. పన్నెండు వేలు పెట్టి షక్ కొనుక్కోవడమెందుకు?

మన ఇళ్ళల్లో కారంటే బండి కాదు, ఇజ్జత్. జహేజ్‌లో వచ్చిందైతే ఇంకా నాజూకు, గీత పడితే సమ్ధీల వరకు కబురు పోతుంది. దాగ్ ఉండటంలో బేఇజ్జతీ లేదు, దాచి అమ్మడంలో ఉంది. రసూలుల్లాహ్ బజారులో ధాన్యపు కుప్పలో చెయ్యి పెట్టి అడుగున తడి పట్టుకున్న సంఘటన చిన్నప్పుడు మదర్సాలో మనందరం విన్నదే. వాన తడిపిన గింజల్ని పైన ఎందుకు పెట్టలేదని ఆయన అడిగారు. దాచిన ఐబ్ బయటపడితే సౌదా తిప్పికొట్టే హక్కు కొన్నవాడికి ఫిఖ్హ్ ఇచ్చింది. ఇవన్నీ జుమా బయాన్లకే గాని మన సెకండ్ హ్యాండ్ బజార్లకు కాదన్నట్టు ఉంటున్నాం.

జనవరిలో సోనాల వైపు నుంచి ఒక టీచర్ సాబ్ కొడుకుని వెంటబెట్టుకుని వచ్చారు. నేనే చుట్టూ తిప్పి చూపించాను. ఈ పదిహేడు మేం పెట్టిన చుక్కలు, ఈ మసక నా తప్పు, ఈ డోరు ఒకసారి గేటుకు తగిలింది అని. కొడుకు జేబులోంచి అయస్కాంతం తీసి అన్ని చోట్లా పెట్టి చూశాడు. అంతటా నిలిచింది. టీచర్ సాబ్ చాయ్ తాగి, "మీరే చెప్పిన్రు కదా, చుక్కలున్నయని" అంటూ ఆరు వేలు తగ్గించారు.

ఫీజు కట్టేశాం. పన్నెండు వేలు మిగిలాయని నేనంటాను, ఆరు వేలు పోయాయని తమ్ముడంటాడు. "నువ్వు చాయ్ తాగుకుంట సైలెంట్‌గ కూర్చుంటే అయిపోయేది" అని మొన్న దస్తర్‌ఖాన్ మీద కూడా దెప్పాడు. మిగిలిన టచప్ సీసా మాత్రం వాడే గుర్తుపెట్టుకుని, ఒక పంటిపుల్లల డబ్బీతో సహా, కారు డ్యాష్‌బోర్డులో పెట్టి ఇచ్చాడు.