రాబడి ఖమ్మానిది, పంట ఎవరిది?

మరిపెడ: మిరప సీజను మొదలైతే చాలు, ఖమ్మం యార్డు రాబడి ఎంత, జెండా పాట ఎంత అన్న రెండు అంకెల కోసమే వర్తకులు పత్రిక తెరుస్తారు. ఆ రెండు అంకెలూ నిజమే. కాని వాటిపై కట్టే అంచనాలు తరచు తలకిందులవుతున్నాయి. ఖమ్మంలో దిగిన సరుకునంతా ఖమ్మం జిల్లా పంటగా, ఏనుమాములలో దిగినదంతా వరంగల్ జిల్లా పంటగా చదవడం అందుకు ఒక ముఖ్య కారణం. యార్డు పేరు సరుకు అమ్ముడైన చోటును చెబుతుంది. పండిన చోటును చెప్పదు. ఈ తేడా ఎంత దూరం పోతుందో గ్రహించడానికి మరిపెడ మంచి ఉదాహరణ.

నాలుగు దారుల కూడలి

మరిపెడకు రైలు లేదు. వరంగల్ - ఖమ్మం రోడ్డే దీనికి ఆయువుపట్టు. ఈ రోడ్డుపై ఉత్తరానికి పోతే తొర్రూరు మీదుగా వరంగల్, దక్షిణానికి పోతే తిరుమలాయపాలెం మండలం దాటి ఖమ్మం. ఒక దారి మహబూబాబాద్ రైలు స్టేషనుకు, మరొకటి పడమట సూర్యాపేట వైపుకు. చుట్టూ చల్క నేలలు, మధ్య మధ్య నల్లరేగడి. కాలువ నీరు వస్తుందన్న ధీమా ఉన్నవారు వరి వేస్తారు, వానను నమ్ముకున్నవారు పత్తి వేస్తారు, బోరుతోపాటు పెట్టుబడి పెట్టే సత్తా ఉన్నవారు మిరప వేస్తారు. ఊళ్లతోపాటు తండాల సేద్యం కూడా ఈ మూడు పంటల చుట్టూ తిరుగుతుంది.

కల్లంలో మిరప ఎండిన తరువాత బస్తాలు ఏ దారి పట్టాలన్నది ఏ కార్యాలయమూ నిర్ణయించదు. వ్యాను కిరాయి ఎంత, నిన్నటి పాట ఎంత, అడ్తిదారు పంట కాలంలో ఇచ్చిన అప్పు ఎంత అన్న మూడు విషయాలే నిర్ణయిస్తాయి. వరంగల్ కన్నా ఖమ్మం దగ్గర. తేజ రకానికి ఖమ్మంలో ఖరీదుదారులు ఎక్కువ. చైనాకు పోయే సరుకు, రంగు, ఘాటు తీసే మిల్లులకు పోయే సరుకు అక్కడ చేతులు మారుతుంది. కనుక మరిపెడ మిరపలో గణనీయమైన భాగం ఖమ్మం కాంటా ఎక్కి, ఆ క్షణం నుంచి ఖమ్మం మిరప అనే పేరుతోనే చలామణి అవుతుంది. ఇందులో మోసమేమీ లేదు. వ్యాపారం అలా నడుస్తుంది. చిక్కల్లా ఆ పేరును పంట లెక్కగా తీసుకున్నప్పుడే వస్తుంది.

గీతలు మారిన వైనం

నేటి వర్తకులలో చాలామందికి గుర్తు ఉండకపోవచ్చుగాని, 1953 అక్టోబరు 1 వరకు ఖమ్మం కూడా వరంగల్ జిల్లాలోనిదే. ఆనాడు మరిపెడ వర్తకుడు ఖమ్మం పోయినా, వరంగల్ పోయినా ఒకే జిల్లాలో తిరిగినట్లు. తరువాత ఖమ్మం వేరు జిల్లా అయింది. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రంలోని తెలుగు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. 2014 జూన్ 2న పది జిల్లాలతో తెలంగాణ ఏర్పడింది. 2016 అక్టోబరు 11న ఆ పది 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి మొత్తం 33 అయ్యాయి.

పాత వరంగల్ నేడు వరంగల్, హనుమకొండ, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి, ములుగు అనే ఆరు జిల్లాలు. మరిపెడ మహబూబాబాద్‌లోకి వచ్చింది. ఖమ్మం నుంచి గార్ల, బయ్యారం మండలాలు కూడా అదే జిల్లాలో చేరాయి. 2018లో మరిపెడ పురపాలక సంఘమైంది. కలెక్టరు కార్యాలయం దగ్గరైంది. పాలనకు ఇది మేలే, కాదనలేము.

అయితే సరుకు లెక్కలు చూసేవారికి ఇక్కడ ఒక గొయ్యి ఉన్నది. వరంగల్ అనే పేరు అదే, నేల వేరు. 2015 నాటి వరంగల్ మిరప విస్తీర్ణాన్ని నేటి వరంగల్ విస్తీర్ణంతో పక్కపక్కన పెట్టి, పంట పడిపోయిందని బేరానికి దిగినవాడు నష్టపోక తప్పదు. పడిపోయింది పంట కాదు, జిల్లా వైశాల్యం. పదేళ్ల అంకెలు పోల్చదలచినవారు పాత జిల్లాకు చెందిన ఆరింటినీ కలిపి, గార్ల, బయ్యారం వంటి బయటి మండలాలు తీసివేసి చూడవలసి ఉంటుంది. ఇది మామూలు కూడికే అయినా చేసేవారు అరుదు.

2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా మిర్చి సంగతి కూడా ఇలాంటిదే. ఆ పేరులోని వరంగల్ అంటే ఈనాటి వరంగల్ జిల్లా ఒక్కటే కాదు. పాత జిల్లాలో ఆ కాయ పండే నేలలన్నీ అందులోకి వస్తాయి. పుట్టిన చోటును బట్టి సరుకుకు విలువ కట్టవచ్చునని ప్రభుత్వమే ఒప్పుకున్న తరువాత, రోజువారీ రాబడిలో ఆ పుట్టిన చోటును వదిలివేయడంలో అర్థం లేదు.

నీటికి జిల్లా తెలియదు

ఈ ప్రాంతపు వాగు ఆకేరు. ఇది ఖమ్మం దగ్గర మున్నేరులో కలుస్తుంది, మున్నేరు కృష్ణలో కలుస్తుంది. అంటే ఇది కృష్ణా పరీవాహకం. కాని కాలువ నీరు రావలసింది గోదావరి నుంచి. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ 284వ కిలోమీటరు దగ్గర మొదలయ్యే రెండవ దశ పాత వరంగల్, ఖమ్మం, నల్లగొండ జిల్లాల మెట్ట భూములను ఉద్దేశించినది. కాలువ చివర నీరు అందిన ఏడు వరి పెరుగుతుంది, అందని ఏడు పత్తి, మిరప పెరుగుతాయి. సూర్యాపేటలో ధాన్యం రాబడికి, ఖమ్మంలో మిరప రాబడికి మధ్య ఉన్న లంకె ఈ కాలువ. ఒక్కొక్క యార్డును విడివిడిగా చూసేవారికి ఈ లంకె కనిపించదు.

2024 సెప్టెంబరు 1న ఇదే ఆకేరు మరొక పాఠం చెప్పింది. రాత్రికి రాత్రి కురిసిన వానకు మరిపెడ దగ్గర పురుషోత్తమాయగూడెం వంతెన వద్ద వాగు పొంగి వరంగల్ - ఖమ్మం రోడ్డు తెగిపోయింది. ప్రాణనష్టం జరిగింది. సీతారాంతండా నీట మునిగింది. అదే రోజున మున్నేరు ఖమ్మం పట్టణాన్ని ముంచింది. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి కాజీపేట - విజయవాడ మార్గంలో రైళ్లు నిలిచిపోయాయి. రోడ్డు, రైలు ఒకే వానకు తెగిన రోజున మూడు యార్డుల భవిష్యత్తు ఒక్క వాగు చేతిలో ఉన్నదని తేలిపోయింది.

అప్పటికి మిరప నాట్ల కాలం. నారు పోయిన చేను, ఇసుక మేట వేసిన చేను ఎంత అన్నది తెలియవలసింది సెప్టెంబరులోనే. యార్డు అంకెలు మాత్రం ఆ సంగతిని జనవరి తరువాతగాని చెప్పవు. చెప్పినా, ఖమ్మం రాబడి తగ్గిందంటాయేగాని మరిపెడ సరుకు రాలేదనవు. మరొక వైపు, నష్టం జరిగింది కనుక ధర పెరగాలన్న ఆశ కూడా నిలువలేదు. శీతల గిడ్డంగులలో మిగిలిన పాత నిల్వలు, ఎగుమతి గిరాకీలో మందగమనం కలసి 2025 మొదట్లో మిరప ధరలను కిందికి దించాయి. మండలంలో పంట పోవడం వేరు, దేశంలో సరుకు కొరత వేరు. రెండింటినీ విడదీసి చూడగలిగినవాడే నిల్వ పెట్టాలో, వదిలించుకోవాలో సరిగా తేల్చుకోగలడు.

ఆదుకునే వేళ వచ్చే ప్రశ్న

ధరలు బాగున్నంతకాలం పంట ఎవరిదని ఎవరూ అడగరు. పడిపోయిన రోజున మొదటి ప్రశ్న అదే అవుతుంది. 2017 ఏప్రిల్ 28న ఖమ్మం యార్డులో ధర పతనానికి ఆగ్రహించిన రైతులు మార్కెట్ కార్యాలయంపై విరుచుకుపడ్డారు. ఆ తరువాత మే నెలలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు రూ. 5,000 చొప్పున, ఖర్చుల కింద మరి రూ. 1,250 కలిపి, కొనుగోలుకు అనుమతించింది. ఆంధ్రప్రదేశ్‌కు 88,300 టన్నులు, తెలంగాణకు 33,700 టన్నులు కేటాయించింది. 2025 ఫిబ్రవరిలో అదే పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిరపకు క్వింటాలు రూ. 11,781 ధర, 2.91 లక్షల టన్నుల పరిమితి ప్రకటించింది.

ఖమ్మం యార్డుకు తెలంగాణ సరుకే కాక, సరిహద్దు ఆవలి గ్రామాల సరుకు కూడా వస్తుంది. కేటాయింపులు రాష్ట్రాల వారీగా, లెక్కలు యార్డుల వారీగా ఉన్నప్పుడు ఒకదానికొకటి ఎలా పొసగుతాయి? ఏ మండలంలో ఎంత పండి ఎక్కడ అమ్ముడైందో చూపగల రాష్ట్రమే తన వాటాను గట్టిగా అడగగలదు. పత్తి విషయంలోనూ ఇదే తంటా. 2025-26లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర రూ. 8,110గా ఉన్నది. సీసీఐ కొనుగోలులో ఎకరా దిగుబడికి పెట్టిన పరిమితిపై ఆ సీజనులో పెద్ద వివాదం రేగింది. జిల్లా సగటు చల్క నేలకూ, నల్లరేగడికీ ఒకటే కొలత పెడుతుంది. చేను మాత్రం ఆ సగటు ప్రకారం పండదు.

మార్కెట్ ఫీజు సంగతి మరొకటి. సరుకు ఎక్కడ అమ్ముడైతే ఫీజు అక్కడి మార్కెట్ కమిటీకి చేరుతుంది. ఖమ్మం కాంటా ఎక్కిన ప్రతి మరిపెడ బస్తా ఖమ్మం షెడ్లకు, ఖమ్మం సిమెంటు కల్లాలకు తన వంతు చెల్లిస్తున్నట్లే. మరిపెడ పరిసరాలలో అలాంటి వసతులు అడగాలంటే ఇక్కడి నుంచి ఎంత సరుకు పోతున్నదో చూపాలి. చూపడానికి కాగితం లేదు.

ఊరి పేరు బయటకు రావాలి

నిజానికి కాగితం లేకపోలేదు. యార్డు గేటు దగ్గర రైతు పేరుతోపాటు ఊరి పేరు రాసుకుంటారు. తక్‌పట్టీలో కూడా అది ఉంటుంది. 2016 ఏప్రిల్‌లో జాతీయ ఎలక్ట్రానిక్ మార్కెట్ వచ్చిన తరువాత ఇలాంటి వివరాలు కంప్యూటరుకు ఎక్కడం కూడా మొదలైంది. ఇంత ఉన్నా సాయంత్రం ప్రకటనలో బస్తాల మొత్తం, కనిష్ఠ, గరిష్ఠ ధరలు తప్ప మరేమీ బయటకు రావడం లేదు. ఆ పట్టికలో ఇంకొక గడి పెట్టి, మండలాల వారీ రాబడి వారానికి ఒకసారి ప్రకటిస్తే ఖజానాకు పెద్ద ఖర్చేమీ కాదు.

దీనికి రెండు అభ్యంతరాలు వినిపించవచ్చు. ఖరీదుదారు చూసేది మచ్చు, కాయ రంగు, తేమ, తాలు శాతం. ఊరి పేరుతో అతనికి పనేమిటన్నది మొదటిది. మచ్చు ఇవాళ్టి బస్తా నాణ్యం చెబుతుంది. ఇంకా ఎన్ని బస్తాలు రావలసి ఉన్నాయో చెప్పదు. మార్చిలో తిరుమలాయపాలెం సరుకు అయిపోవచ్చి, మరిపెడ సరుకు ఇంకా రెండు కోతలు మిగిలి ఉంటే, ఏప్రిల్ ధర ఎటు పోతుందో ఆలోచించుకోవడానికి ఆ వివరమే ఆధారం.

రెండవ అభ్యంతరం అడ్తిదారుల నుంచి వస్తుంది. తాము ఏ ఊళ్లలో ఎంత డబ్బు తిప్పుతున్నామో పోటీదారులకు తెలిసిపోతుందన్నది వారి భయం. అది నిరాధారమైనది కాదు. పంటకు పెట్టుబడి ఇచ్చి, ఏడాది చివర సరుకు కోసం ఎదురుచూసేవాడికి తన ఖాతాదారుల గుట్టు ముఖ్యమే. అందుకే పేర్లు వద్దు, షాపుల వారీ లెక్క వద్దు, మండలం మొత్తం మాత్రం చాలు. ఒక మండలంలో ఎందరో అడ్తిదారుల ఖాతాలు ఉంటాయి కనుక ఎవరి గుట్టూ బయటపడదు. పైగా సరుకు ఎక్కడి నుంచి ఆగిపోయిందో ముందుగా తెలిస్తే అప్పు వసూలు అంచనా కూడా ఆ అడ్తిదారుకే సులభమవుతుంది.

అంతవరకు వర్తకులు తమంత తాము చేసుకోగలిగిన పని ఒకటున్నది. ఖమ్మం, వరంగల్, కేసముద్రం, మహబూబాబాద్ రాబడులను విడివిడిగా కాక ఒకే పట్టీలో రాసుకుని, సూర్యాపేట ధాన్యం రాబడిని పక్కన పెట్టి, ఆకేరు నీటి మట్టాన్నీ, రెండవ దశ కాలువ నీటి విడుదలనూ దానికి జోడించి చదవాలి. ఒక యార్డులో తగ్గిన సరుకు మరొక యార్డులో తేలిందా, లేక చేలలోనే పోయిందా అన్నది అప్పుడు బోధపడుతుంది. అది తెలియకుండా జెండా పాట ఒక్కటే చూసి సరుకు పట్టేవారు బస్తాలు కొంటున్నామనుకుని యార్డు పేరు కొంటున్నారు. గిడ్డంగి అద్దె మాత్రం బస్తాకే పడుతుంది.