ఎంతసేపట్లో వెళ్లారు కాదు, ఎక్కడెక్కడ ఆగారు?

మన హాస్టల్లో ఎవరైనా బండి మీద అరకు వెళ్లొచ్చారని తెలిస్తే చాలు, మొదట వచ్చే ప్రశ్న ఒకటే. "ఎంతసేపట్లో వెళ్లార్రా?" అనంతగిరి దగ్గర మబ్బులు కిందికి దిగాయా, కాఫీ ఎక్కడ తాగారు, ఎవరి బండైనా ఇబ్బంది పెట్టిందా... ఇవేవీ అడగరు. నాలుగు గంటలు అంటే నవ్వుతారు. రెండున్నర అంటే భుజం తడతారు. వినడానికి ఇది సరదా మాటలాగే ఉంటుంది. కానీ నాకు ఈ ప్రశ్న మీద గట్టి అభ్యంతరం ఉంది. మన రైడ్లలో జరిగే చాలా పిచ్చి పనులకి ఈ ఒక్క ప్రశ్నే మూలం అని నా అభిప్రాయం.

ఇది చదివి నన్ను బండంటే పడని వాడి కింద కట్టేయకండి. ఎనిమిదిన్నర క్లాసుకి లేవలేని నేను ఆదివారం రైడ్ అంటే నాలుగున్నరకే లేచి కూర్చుంటాను. బండి అంటే ఇష్టం ఉంది కాబట్టే రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. లెక్కలు మనకి అలవాటే కదా. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. సగటున గంటకి 40 వేగంతో వెళ్తే 2 గంటల 52 నిమిషాలు పడుతుంది. సగటు 50 చేస్తే 2 గంటల 18 నిమిషాలు. అంటే మిగిలేది 34 నిమిషాలు. ఆ 34 నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయి? పెందుర్తి ట్రాఫిక్‌లో రావు. శృంగవరపుకోట దాటాక మొదలయ్యే ఘాట్ రోడ్డు మలుపుల్లో రాకూడదు. కాబట్టి మధ్యలో దొరికిన కాస్త తిన్నటి రోడ్డు మీద 80, 90 కొట్టాలి, ఘాట్‌లో లారీ కనిపిస్తే ఎదురుగా ఏముందో కనపడకపోయినా దాటేయాలి. 34 నిమిషాలు మిగిల్చుకోవడం అంటే అసలు అర్థం ఇది.

వేగం 60 నుంచి 80కి పెరిగితే పెరిగింది 20 మాత్రమే అనిపిస్తుంది. గతిజ శక్తి మాత్రం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే 1.78 రెట్లు. బ్రేకు వేశాక బండి జారుకుంటూ వెళ్లే దూరం కూడా దాదాపు అంతే పెరుగుతుంది. 80లో ఉన్న బండి ఒక్క సెకనులో 22 మీటర్లు పోతుంది. ఆవు కనిపించి, బుర్రకి ఎక్కి, చెయ్యి బ్రేకు మీదకి వెళ్లేలోపే ఆ 22 మీటర్లు అయిపోతాయి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్లలో 44 శాతానికి పైగా బైకులు, స్కూటర్ల మీద వెళ్తున్నవాళ్లే. ఆ లెక్కలో మన వయసు వాళ్లు ఎంతోమంది ఉంటారని చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

ఇక రెండో సంగతి. దీని గురించి ఎవరూ మాట్లాడరు. టైం పోటీ పెట్టుకున్న గ్రూపులో నెమ్మది బండికి చోటుండదు.

మా బ్యాచ్‌లో ఒకడికి సొంత బండి లేదు. వాళ్ల నాన్నగారి 100 సీసీ బండి తెస్తాడు. పన్నెండేళ్ల బండి. సోమవారం పొద్దున్న ఆయన దాని మీదే పనికి వెళ్లాలి. ఒకసారి రైడ్ ప్లాన్ చేస్తుంటే వాట్సాప్ గ్రూపులో ఒకరు పెట్టిన మెసేజ్: "150 సీసీ పైన ఉన్నవాళ్లే రండి, లేకపోతే అందరికీ లేట్." చాలామంది నవ్వు బొమ్మలు పెట్టారు. వాడు ఏమీ అనలేదు, "ఈసారికి నాకు కుదరదులే" అని రాశాడు. అది కుదరకపోవడం కాదని మనందరికీ తెలుసు. స్నేహితులతో కలిసి తిరగడానికి పెట్టుకున్న రైడ్‌లో ఇంజిన్ సైజుని బట్టి స్నేహితుణ్ణి తీసేస్తే ఇక అది ఏం రైడ్? ఆ సైజు వెనకాల ఉన్నది వాళ్ల ఇంటి జీతం కదా.

నేను ఆ గ్రూపులోనే వాదించాను. కంప్యూటర్ ఆర్కిటెక్చర్‌లో మనకి మొదటి నెలలోనే చెప్తారు, పైప్‌లైన్ వేగం దానిలో అన్నిటికన్నా నెమ్మదైన స్టేజ్‌ని బట్టి ఉంటుందని. మిగతా స్టేజ్‌లు ఎంత ఫాస్ట్ అయినా ఖాళీగా ఎదురుచూడాల్సిందే. రైడ్ కూడా అంతే. నెమ్మది బండిని వెనక పెడితే ముందువాళ్లు ప్రతి ఊళ్లోనూ ఆగి ఎదురుచూస్తారు, వెనకవాడు అందుకోవాలని తన బండి శక్తికి మించి తోలతాడు. అదే నెమ్మది బండిని ముందు పెడితే ఎవరూ తప్పిపోరు, ఎవరూ తరమరు. చివరికి ఒప్పుకున్నారు. వాడే ముందు నడిపాడు. ఆరు బళ్లు, పది మంది.

ఆ రోజు టైడా దాటాక మా గ్రూపులో అందరికన్నా ఖరీదైన బండి, 350 సీసీది, వెనక టైరు గాలి దిగిపోయింది. స్పోకుల చక్రం కాబట్టి లోపల ట్యూబ్. మా దగ్గరున్న ట్యూబ్‌లెస్ కిట్ దానికి పనికిరాదు. చక్రం విప్పాల్సిందే. పది మంది ఇంజనీరింగ్ స్టూడెంట్లం చుట్టూ నిలబడి చక్రం వైపు చూస్తున్నాం. అప్పుడు 100 సీసీ వాడు సీటు పక్కన కట్టుకున్న గోనెసంచి విప్పాడు. వాళ్ల నాన్నగారు ఇచ్చిన పానాలు, ఒక కటింగ్ ప్లేయరు, పాత గుడ్డ, ఒక సీసాలో నూనె. పెద్ద పానా పెట్టి నట్టు వదులు చేసి, చెయిన్ తప్పించి, ఇరవై నిమిషాల్లో చక్రం చేతికిచ్చాడు. ఇద్దరు దాన్ని పట్టుకుని కిందికి శృంగవరపుకోట వెళ్లారు, అందులో నేనొకణ్ణి.

పంక్చర్ షాపాయన ట్యూబ్ బయటికి లాగి నీళ్ల తొట్టిలో ముంచి చూపించాడు. అప్పటికే మూడు ప్యాచులున్నాయి. "ట్యూబు ముసలైపోనాది బాబూ, ఇంకెన్ని అతుకులేస్తారు, మార్చీండి" అన్నాడు. టైరు లోపల చెయ్యి పెట్టి చుట్టూ తడిమి, అప్పటికీ గుచ్చుకునే ఉన్న చిన్న మేకు తీసి నా చేతిలో పెట్టాడు. అది తీయకుండా కొత్త ట్యూబ్ వేస్తే పది కిలోమీటర్లలో మళ్లీ పంక్చరే. సమస్యకి కారణం తీయకుండా ఫలితాన్ని మాత్రమే సరిచేయకూడదని డీబగ్గింగ్‌లో మనకి చెప్పే పాఠం ఇదే కదా. ఆయన ఏ కాలేజీలోనూ చదవలేదు, ఆ పని మాత్రం చేత్తో చేసి చూపించాడు.

ఇది మన తెలుగు పత్రిక కాబట్టి ఇంకో మాట. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియంలో చదివిన నాకు ఇంజిన్ అంటే పుస్తకంలో బొమ్మ, దాని చుట్టూ బాణాలు, ఇంగ్లిష్ పేర్లు. షెడ్డుల దగ్గర కూర్చున్నాకే అర్థమైంది, విడిభాగాల పేర్లు ఇంగ్లిష్‌వి అయినా వాటి జబ్బులన్నీ తెలుగులోనే ఉంటాయని. చెయిన్ సాగుతుంది. క్లచ్ జారుతుంది. బ్రేకు పట్టదు. హ్యాండిల్ లాగేస్తుంది. ఇంజిన్ బోరుకొస్తుంది. మాన్యువల్లో సగం పేజీ చదివినా తెలియనిది ఈ ఒక్కో మాటలో తెలిసిపోతుంది. ఏ బండికి ఏమైందో ఈ మాటల్లో చెప్పగలిగితే ఏ ఊరి మెకానిక్ అయినా అయిదు నిమిషాల్లో దారికొస్తాడు. "ఏదో సౌండ్ వస్తోంది అన్నా" అంటే మాత్రం ఆయన కూడా మనలాగే గూగుల్ చేయాలి.

మేం తిరిగొచ్చేసరికి దాదాపు రెండు గంటలు పట్టింది. మిగతావాళ్లు కల్వర్టు మీద కూర్చుని కాల్చిన మొక్కజొన్న పొత్తులు తింటూ, సెమ్ రిజల్ట్స్ నుంచి ఇంట్లో గొడవల దాకా అన్నీ మాట్లాడేసుకున్నారు. కింద లోయలో రైలు కూత వినిపించిందట. ఏడాదిన్నరగా పక్క పక్క రూముల్లో ఉంటున్న ఇద్దరు ఆ రోజే మొదటిసారి సరిగ్గా మాట్లాడుకున్నారు. ఆ రైడ్‌లో మేం అరకు ఎన్నింటికి చేరామో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

దీనికి నాకు రెండు రకాల జవాబులు వినిపిస్తాయి. మొదటిది: "స్పీడ్ లేకపోతే ఇక బండెందుకు, ఆర్టీసీ బస్సెక్కొచ్చుగా?" బస్సు మీకు నచ్చిన చోట ఆగదు. అనంతగిరి దగ్గర సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు కనిపిస్తే బండి పక్కకి తీసి చూడొచ్చు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కాఫీ పండే తోట పక్క నుంచే 80లో దూసుకుపోయి, తిరిగొచ్చాక బీచ్ రోడ్డు కేఫ్‌లో అదే కాఫీకి నాలుగింతలు కట్టేవాళ్లని నేను చూశాను. ఆగగలగడమే బండికున్న గొప్పతనం.

రెండోది: "రిపేర్లు మనకెందుకు, సర్వీస్ సెంటర్ ఉందిగా?" ఉంది, సిటీలో. డముకు వ్యూ పాయింట్ దగ్గర లేదు. అయినా ఇదేమంత బ్రహ్మవిద్య కాదు. టైర్లలో గాలి పొద్దున్నే, బండి వేడెక్కకముందు చూసుకోవాలి. చెయిన్‌ని కింద వేలితో పైకి కిందికి కదిపితే చాలా బళ్లకి 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి, మీ బండికి ఎంతో మాన్యువల్లో ఉంటుంది. చెయిన్‌కి నూనె రైడ్ ముందు కాదు, అయ్యాక, చెయిన్ వెచ్చగా ఉన్నప్పుడు వేస్తే లోపలికి దిగుతుంది.

ఘాట్ దిగేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఏ గేరులో ఎక్కామో దాదాపు ఆ గేరులోనే దిగాలి. బ్రేకు మీదే కాలేసి దిగితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్‌లో, ఇంజిన్ ఆపేసి దిగేవాళ్లున్నారు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బళ్లలో చాలావాటికి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలేస్తే కంప్యూటరే పెట్రోల్ ఆపేస్తుంది. అంటే న్యూట్రల్‌లో దిగితే మిగిలేదేమీ లేదు, ఇంజిన్ ఇచ్చే బ్రేకు మాత్రం పోతుంది. కంప్యూటర్ సైన్స్ వాళ్లం మనమే ఆ చిన్న కంప్యూటర్ని నమ్మకపోతే ఎలా?

వెనక కూర్చునేవాళ్ల హెల్మెట్ సంగతి కూడా చెప్పాలి. మన గ్రూపు ఫొటోల్లో ముందువాడికి హెల్మెట్ ఉంటుంది, వెనకవాడికి టోపీ ఉంటుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 129 నాలుగేళ్లు దాటిన ఎవరికైనా, ముందైనా వెనకైనా, హెల్మెట్ తప్పనిసరి అంటుంది. లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, మూణ్ణెల్లు లైసెన్స్ పోతుంది. చట్టం సంగతి అలా ఉంచండి. బండి పడితే ముందువాడి తలకి ఒక న్యాయం, వెనకవాడి తలకి ఒక న్యాయం ఉండదు. హాస్టల్లో ప్రతి ఫ్లోర్‌లోనూ వాడకుండా పడి ఉన్న ఐఎస్ఐ హెల్మెట్లు నాలుగైదు ఉంటాయి. అడిగి తీసుకెళ్లడానికి మొహమాటం ఎందుకు?

అందుకే వచ్చే రైడ్‌కి ముందు ఇవి ఒప్పుకుందామని నా ప్రతిపాదన. నెమ్మది బండి ముందు, బాగా నడపగలిగేవాడు చివర. ప్రతి 40 కిలోమీటర్లకి ఒకసారి అందరూ ఆగాలి, టీ తాగినా తాగకపోయినా. రెండు హెల్మెట్లు లేని బండి గేటు దాటకూడదు. చీకటి పడేలోపు ఘాట్ దిగిపోవాలి. ఒక్కొక్కరు ఒక్కో పని నేర్చుకుని రావాలి: ఒకరు చక్రం విప్పడం, ఒకరు ట్యూబ్‌లెస్ పంక్చర్, ఒకరు క్లచ్ కేబుల్ మార్చడం, ఒకరు ప్లగ్ శుభ్రం చేయడం. మొదటి ఆదివారం కాలేజీ పార్కింగ్‌లోనే చక్రం విప్పి బిగించడం నేర్పిస్తానని మా 100 సీసీ వాడు ఇప్పటికే ఒప్పుకున్నాడు. ఫీజు రెండు సమోసాలు. చేతులకి మసి అంటుతుంది, పాత చొక్కా వేసుకు రండి.

రైడ్ కబుర్లు ఈ పత్రికకి రాసేవాళ్లకి కూడా ఒక విన్నపం. ఎన్ని గంటల్లో వెళ్లారో రాయకండి. ఎక్కడ ఆగారో, ఎందుకు ఆగారో, బండి ఆగిపోతే ఎవరు సాయం పట్టారో రాయండి. మన తర్వాత వచ్చే జూనియర్లు అవి చదివే తమ రైడ్లు ప్లాన్ చేసుకుంటారు.